దత్తూ పడవకు చేపల మిషను బిగించిన సంగతి

భివండిలో ముప్పై ఏళ్ళు సాంచెల, అంటే మరమగ్గాల, మోటార్లకు తీగ చుట్టాను. అందులో చివరి పదేళ్ళు, పక్కపనిగా, అక్కడి ఖాడీలో, అంటే ఊరి దాకా వచ్చే సముద్రపు పాయలో, తిరిగే చిన్న పడవలకు చేపలు చూపించే మిషన్లు బిగించాను. మొదటి పని గురించి నన్నెవరూ అడగరు. రెండోదాని గురించి, ఇప్పుడు ఆ పనిలోకి వస్తున్నవాళ్ళు అప్పుడప్పుడు ఫోన్ చేసి అడుగుతున్నారు. చెబితే గంట పడుతోంది, సగం వినబడడం లేదంటున్నారు. అందుకని రాస్తున్నాను.

ఈ పనిలో ప్రమోషన్లు లేవు. మొదటి రోజు మిస్త్రీని, చివరి రోజూ మిస్త్రీనే. కాబట్టి ఆ అధ్యాయం తగ్గింది.

ఇంకో రెండు సంగతులు ముందే చెప్పాలి. నాకు ఈత రాదు. పడవ ఎక్కితే కడుపులో తిప్పుతుంది. ఈ పనికి ఈ రెండూ అడ్డం కావు. పని ముప్పావు వంతు బురదలోనే, పడవ నేలమీద ఉన్నప్పుడే జరుగుతుంది. మిగతా పావు వంతుకు నేను లారీ ట్యూబు నడుముకు కట్టుకునేవాడిని. దాన్ని చూసి ఖాడీ ఒడ్డున పిల్లలు చప్పట్లు కొట్టేవారు. అలవాటైపోయింది.

నా భార్య సరోజన పోయి రెండేళ్ళయింది. ఇందులో ఆవిడ చాలా చోట్ల వస్తుంది. తలచుకోవడం కోసం కాదు. ఆ పనిలో ఆవిడ ఉంది, అందుకని.

పని ఎట్లా దొరికింది

భివండి నార్పోలిలో మా గల్లీకి గుడ్డ కొనడానికి ముంబై నుంచి ఒక సేఠ్ వచ్చేవాడు. ఆయనకు అక్కడ రేవు దగ్గర పడవల సామాను దుకాణం కూడా ఉండేది. ఒకరోజు నేను మోటారు విప్పుకుని కూర్చుంటే వచ్చి నిలబడి చూశాడు.

“మిస్త్రీ, నీకు తీగ తెలుసు కదా?”

“అదొక్కటే తెలుసు సేఠ్.”

“పడవ తెలుసా?”

“బొమ్మల్లో చూసిన.”

“చాలు,” అన్నాడు. భివండి ఖాడీ దాకా రావడానికి ముంబై ఫిట్టర్లు ఎవరూ ఒప్పుకోవడం లేదట. దోమలంటున్నారట. నాకు దోమలు కొత్త కాదు.

ఆ సేఠ్ దగ్గర నేను నేర్చుకున్నది ఒక్కటే. అమ్మేవాడు ఎప్పుడూ పెద్ద డబ్బానే మంచిదంటాడు. ఆయన చెడ్డవాడు కాదు. పెద్ద డబ్బా అద్దాల బీరువాలో ముందు వరుసలో ఉండేది, చిన్నది వెనక ఉండేది. వంగి తీయడానికి ఆయనకు నడుం నొప్పి.

దత్తూ, అతని యూనిఫాం

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, వానాకాలం మధ్యలో, నా దగ్గరికి దత్తూ తాండేల్ వచ్చాడు. పడవ నడిపేవాణ్ణి అక్కడ చేపలు పట్టే కోళీలు తాండేల్ అంటారు. అరవై ఏళ్ళ మనిషి. నల్లగా, పొట్టిగా, మెడలో ఈల వేసుకుని ఉన్నాడు.

మా మధ్య నడిచింది బజారు హిందీ, అప్పుడప్పుడు మరాఠీ. నా చెవికి మాత్రం అది ఎప్పుడూ మా సిరిసిల్ల మాటలాగే వినబడేది. అట్లాగే రాస్తాను.

“గిదేంది దత్తూ మామా, మెడల ఈల?”

“వాచ్‌మన్ ఈల. మా గణేశ్ తెచ్చిండు. చొక్కా, ప్యాంటు, టోపీ అన్ని తెచ్చి మేకుకు తగిలించిండు. ఈల ఒక్కటి నాకు నచ్చింది, ఏసుకున్న.”

గణేశ్ అతని కొడుకు, గోదాముల దగ్గర టెంపో నడిపేవాడు. అప్పుడప్పుడే భివండి చుట్టూ గోదాములు లేస్తున్నాయి. తండ్రికి ఒక గోదాములో కాపలా పని మాట్లాడి పెట్టాడు. ఖాడీలో ఇసుక తీసేవాళ్ళు పడవ కొంటామన్నారు. వాళ్ళకూ మాటిచ్చాడు. దత్తూ రెండు రోజులు అన్నం మానేస్తే చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. నారళీ పున్నమికి కోళీలు సముద్రానికి కొబ్బరికాయ ఇచ్చి మళ్ళీ వేట మొదలుపెడతారు. ఆ మర్నాడు ఒక్క ట్రిప్పు. గణేశ్ కూడా వస్తాడు. బుట్ట నిండితే పడవ ఉంటుంది. నిండకపోతే యూనిఫాం.

“అందుకని చేపల మిషను కావాలె,” అన్నాడు దత్తూ. “నాకు అక్కర లేదు. చేపలు ఏడున్నయో నాకెరుక. మా పోరడు నా మాట నమ్మడు. టీవీల చూపిస్తే నమ్ముతడు.”

ఇరవై రోజులు టైముంది. నేను సరే అన్నాను. సరే అనడానికి ముందు పడవను చూడాలి. ఇది ఈ పనిలో మొదటి నియమం. నేను అప్పటికి దాన్ని కనిపెట్టలేదు.

ఏ డబ్బా కొనాలి

ఈ మిషనులో రెండు ముక్కలుంటాయి. పైన తెర ఉన్న డబ్బా. కింద, నీళ్ళలో, సబ్బుబిళ్ళంత నల్లటి ముక్క. దాన్ని ట్రాన్స్‌డ్యూసర్ అంటారు. అది నీళ్ళలోకి టిక్కుమని శబ్దం పంపి, అడుగున తగిలి తిరిగొచ్చేదాకా లెక్కపెడుతుంది. మధ్యలో చేప ఉంటే శబ్దం తొందరగా వస్తుంది. దత్తూ ఆ ముక్కను ‘కాన్’ అనేవాడు, అంటే చెవి. నేనూ చెవి అనే రాస్తాను. అందరూ తెర పెద్దదా చిన్నదా అని చూస్తారు. చూడాల్సింది చెవిని.

చెవులు రెండు రకాలనుకోండి. ఒకటి లావు గొంతుతో అరుస్తుంది. వందల అడుగుల లోతు సముద్రానికి అది కావాలి. ఇంకొకటి సన్నటి గొంతుది. దూరం పోదు గాని, దగ్గరున్నది స్పష్టంగా చెబుతుంది. మా ఖాడీ పోటు మీద ఉన్నప్పుడు కూడా ఇరవై పాతిక అడుగులు. సన్న గొంతు చాలు.

సేఠ్ లావు గొంతు డబ్బా ఇచ్చాడు. నేను తీసుకొచ్చాను. దత్తూ దాన్ని అటూ ఇటూ తిప్పి అడిగాడు.

“ఎంత లోతు చూస్తది?”

“ఆరువందల అడుగులు.”

“మరి మా ఖాడీ అడుగు దాటి పాతాళం చూస్తదన్నట్టు. పాతాళంల నేను వల ఎట్ల ఏస్తా మిస్త్రీ?”

మర్నాడు వాపసు తీసుకెళ్ళాను. సేఠ్ నడుం పట్టుకుని వంగి చిన్నది తీశాడు.

ఇంకో మాట కూడా కొనేవాళ్ళకు చెప్పండి. చెవి పడవ చుట్టూ చూడదు, కిందికే చూస్తుంది, టార్చిలైటు వెలుగులాగా. మేము వాడినదానికి ఇరవై అడుగుల లోతులో ఏడడుగుల గుండ్రం మాత్రమే కనిపించేది. ఈ సంగతి ముందే చెప్పకపోతే, ఖాడీ మొత్తం కనిపిస్తుందనుకుని కొంటారు. తర్వాత మీ ఇంటికొస్తారు.

మొదటి తప్పు: పడవకు చిల్లి ఎందుకనుకోవడం

దత్తూ పడవ చెక్కది. వెనక భాగం నిలువుగా కోసినట్టు బల్లపరుపుగా ఉండి, దానికి ఇంజను వేలాడుతూ ఉండేది. నలభై ఏళ్ళ పడవకు చిల్లి పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. చెవిని పడవ లోపల, అడుగు చెక్క మీద, జిగురుతో అతికిస్తే చాలని ఎవరో చెప్పారు. ఫైబరు పడవలో అది నిజమే, మధ్యలో గాలి లేకపోతే. చెక్క మాత్రం శబ్దాన్ని మింగేస్తుంది.

అతికించి, ఆరనిచ్చి, పోటు వచ్చాక తెర పెట్టాను. దత్తూ భార్య హీరాబాయి కూడా చూడటానికి వచ్చి ఒడ్డున నిలబడింది. తెర తెల్లగా ఉంది, దాని మీద ఏమీ లేదు. నేను బటన్లు నొక్కాను. మళ్ళీ ఏమీ లేదు.

“ప్రోగ్రాం ఎప్పుడు షురువైతది?” అంది హీరాబాయి.

అర్ధగంట చూసి ఇంటికి వెళ్ళిపోయింది. చెక్క పడవకు చెవి బయటే ఉండాలి. చిల్లికి భయపడేవాడు ఈ పని చేయకూడదు. చిల్లి పెట్టి, దాన్ని సరిగ్గా మూయడం నేర్చుకోవాలి. మోటారు వార్నిషుతో మూస్తే మూసుకోదు. ఆ తర్వాత అదీ ప్రయత్నించాను, అందుకే చెబుతున్నాను. ఆ రోజు దత్తూ తన అన్నం డబ్బాతో గంటసేపు నీళ్ళు తోడాడు. అన్నం ముందే తిన్నాడు కాబట్టి సరిపోయింది.

రెండో తప్పు: కత్తెర

ఈ తప్పు తీగ చుట్టేవాడు మాత్రమే చేస్తాడు. మా పనిలో మిగిలిన తీగ అంటే సిగ్గు. మోటారులోంచి తోక వేలాడితే చూసినవాడు నవ్వుతాడు. చెవికి ఇరవై అడుగుల తీగ ఇస్తారు. దత్తూ పడవకు కావలసింది తొమ్మిది అడుగులు. మిగతా పదకొండడుగులు చుట్టగా పడి ఉంటే నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి కోసి, చక్కగా అతుకు వేశాను. అంత అందమైన అతుకు నేను జీవితంలో వేయలేదు.

తెర నిండా వాన పడింది. అడ్డం గీతలు, నిలువు గీతలు, చుక్కలు. ఆ తీగలో లోపల సన్నటి పోగు, దాని మీద జాలీ, పైన తొడుగు ఉంటాయి. జాలీ తెగితే ఇంజను మోత అంతా చెవిలోకే పోతుంది.

చెవిని పట్టుకుని ముంబై వెళ్ళాను. సేఠ్ అతుకును చూశాడు, నన్ను చూశాడు.

“నీ చేతికి కత్తెర ఎవడిచ్చిండు?”

“నాదే సేఠ్.”

“ఇటియ్యి.”

కత్తెర ఆయన బల్ల సొరుగులో వేసి తాళం వేశాడు. కొత్త చెవి తెప్పించడానికి వారం పడుతుందన్నాడు. పన్నెండు రోజులు పట్టింది. నారళీ పున్నమి ముందురోజు చేతికొచ్చింది. ఆ పన్నెండు రోజులూ దత్తూ ఇంట్లో యూనిఫాంకు ఇస్త్రీ చేసి మళ్ళీ మేకుకు తగిలించారని విన్నాను.

మిగిలిన తీగను ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా చుట్టి, ఇంజను తీగలకు దూరంగా ఒక మూలన కట్టేయండి. సిగ్గు పడండి, కోయకండి.

ఆ వార్త విని సరోజన నవ్విన నవ్వుకు పక్కింటివాళ్ళు తలుపు తీశారు.

“ఇరువై ఏండ్లు నాకు చెప్పినవ్ కదనయ్యా, పోగు తెంపకు తెంపకు అని. ఇప్పుడేమైంది?”

సరోజన ఇంట్లో కండెలు చుట్టేది. సాంచెలో అటూ ఇటూ పరిగెత్తే చెక్క నాడెలో పెట్టే నూలు కండెలు. పోగు తెగితే ఒంటిచేత్తో ముడి వేసేది, చూడకుండానే. ఆ ముడి సంగతి ముందు ముందు వస్తుంది.

నాడె

చెవిని బిగించే చోటు ఒక్కసారికి కుదరదు. ఒక వేలెడు పైకి, ఒక వేలెడు కిందికి జరపాల్సి వస్తుంది. జరిపినప్పుడల్లా పడవకు కొత్త చిల్లి పెడితే పడవ జల్లెడవుతుంది. అందుకని ముందు ఒక గట్టి చెక్కను రెండే రెండు మరలతో బిగించి, ఆపైన ఎన్ని చిల్లులైనా ఆ చెక్కకే పెట్టాలి.

ఏ చెక్క అని చూస్తుంటే ఇంట్లో పాత నాడె కనబడింది. సాంచెలో రోజుకు వేలసార్లు దెబ్బలు తినే చెక్క అది, నీళ్ళకు ఉబ్బదు. ఇనుప మొనలు పీకేసి, దాన్ని పడవ వెనక నిలువుగా బిగించాను. ఆ తర్వాత నేను బిగించిన ప్రతి చిన్న పడవకూ ఒక నాడె ఉంది. ఇందులో నా తెలివి ఏమీ లేదు, అది ఇంట్లో ఉంది.

చోటు గురించి రాసుకోండి. వెనక నుంచి చూస్తే ఇంజను పంకా ఎటు తిరుగుతుందో చూడండి. రెక్కలు కిందికి దిగే వైపు బిగించాలి, పైకి లేచే వైపు కాదు. మామూలుగా అది కుడివైపు. పంకాకు మూరెడు దూరం ఉండాలి. చెవి ముఖం నీటికి సమంగా, పడవ అడుగు కన్నా కొంచెం, ఒక బియ్యపు గింజ నిలువంత కిందికి ఉండాలి. దాని ముందు మేకులు, పట్టీలు, ఏ అడ్డమూ ఉండకూడదు. అడ్డం ఉంటే బుడగలు పుడతాయి. ఈ మిషనుకు బుడగను మించిన శత్రువు లేదు. బుడగకు, చేపకు దానికి తేడా తెలియదు.

పున్నమి నాటి పొద్దున ఆటు మీద, పడవ బురదలో కూర్చుని ఉండగా, కింద వెల్లకిలా పడుకుని బిగించాను. పోటు వచ్చేస్తుంటే దత్తూ ఈల వేస్తానన్నాడు. నేను మర తిప్పడంలో పడ్డాను. చెవుల్లోకి (నా చెవుల్లోకి) నీళ్ళు వచ్చాక ఈల వినబడలేదు. రెండు కాళ్ళు పట్టి లాగాడు.

“ఏందిర మిస్త్రీ, ఈల ఏస్తే ఇనవడలేదా? గోదాంల దొంగలు గిట్లనే పంటరా?”

పూజ

ఆ రోజు హీరాబాయి మమ్మల్ని భోజనానికి పిలిచింది. నారళీ భాత్, అంటే కొబ్బరి, బెల్లం వేసి వండిన అన్నం. సరోజన మొదటిసారి ఖాడీ చూసింది. సాయంత్రం ఆటుకు పడవ మళ్ళీ బురద మీదికి వచ్చింది.

“మిషను ఏది?” అంది.

నేను పడవ వెనక్కు తీసుకెళ్ళి చూపించాను. ఇక్కడ నేను చెప్పిన మాట ముఖ్యమైంది. “పైనున్న తెర ఉత్త నోరు. అసలు మిషను ఇదే,” అన్నాను, చెవి మీద చెయ్యి వేసి. బాగా వివరించానని అనిపించి, లోపలికి వెళ్ళి రెండోసారి అన్నం పెట్టించుకున్నాను.

సరోజనకు మరాఠీ రాదు, హీరాబాయికి తెలుగు రాదు. అయినా ఒక గంటలో ఇద్దరూ దోస్తులయ్యారు. లోపల మేము అన్నం తింటుంటే బయట వాళ్ళ నవ్వు వినబడుతూనే ఉంది. తర్వాత చూస్తే పడవ ముందు భాగానికి కుంకుమ, పూలదండ. వెనక నేను చూడలేదు. చూడాల్సిందని ఇప్పుడు తెలుసు.

వెంట వచ్చిన చేపలు

మర్నాడు పొద్దున నలుగురం బయల్దేరాం. దత్తూ, గణేశ్, నేను, నా ట్యూబు. గణేశ్ మంచి కుర్రాడే. ముప్పై ఏళ్ళుంటాయి. తండ్రి మోకాళ్ళ నొప్పి చూసి చూసి విసిగిపోయినవాడు. కాపలా పనిలో కుర్చీ ఉంటుందని అతని వాదన.

ఆగి ఉన్నప్పుడు తెర చక్కగా అడుగు గీత చూపించింది. పన్నెండడుగులు. నాకు ప్రాణం కుదుటపడింది. దత్తూ ఇంజను లాగాడు. పడవ కదిలింది. తెర మీద ఒక చేప బొమ్మ వచ్చింది. తర్వాత రెండు. తర్వాత తెర నిండా.

“బాబా!” అని అరిచాడు గణేశ్. “గివన్ని మన కిందనే ఉన్నయ్!”

దత్తూ ముఖం అనుమానంగా ఉంది. “ఇక్కడ చేపలుండయ్‌రా.”

“టీవీల కనవడుతున్నయ్. ఆపు, ఆపు!”

ఆపాడు. గణేశ్ వల విసిరాడు. తెర మీద ఒక్క చేప లేదు. వలలో ఒక హవాయి చెప్పు వచ్చింది.

మళ్ళీ కదిలాం. మళ్ళీ చేపలు. పెద్దవి, ఒకదాని వెనక ఒకటి, ఒకటే లోతులో. ఆపాం. మాయం. ఈసారి వల ఉత్తది. మూడోసారి దత్తూ వేగం పెంచాడు. చేపలూ వేగం పెంచాయి. తోలుతున్నాడో పారిపోతున్నాడో తెలియని విధంగా పడవను గుండ్రంగా తిప్పాడు. చేపలు కూడా తిరిగాయి.

“ఆగితే పోతున్నయ్, కదిలితే వస్తున్నయ్,” అన్నాడు గణేశ్. “బాబా, ఇవి చేపలు గావు, టెంపో యూనియనోళ్ళు.”

దత్తూ ఈలను రెండు వేళ్ళతో పట్టుకుని ఉన్నాడు. ఆ మనిషి మనసులో చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడని నాకు అనిపించింది. తప్పు నాది. ఇరవై రోజులుగా ప్రతి తప్పూ నాదే. అయినా తెర వైపే చూశాను. పడవ ఏ లోతులో ఉన్నా, ఏ వేగంలో ఉన్నా, ఆ చేపలు రెండడుగుల కిందనే ఉన్నాయి. మోటారు పనిలో ఒక పద్ధతి ఉంది. ఏ సాంచెకు పెట్టినా అదే మోత వస్తే, తప్పు సాంచెలో కాదు, మోటారులో. మనం ఎటు పోతే అటు వచ్చేది బయటిది కాదు, మనదే.

“ఇంజను ఆపు మామా. నన్ను పడవ వెనక కిందికి వంచండి.”

గణేశ్ నా కాళ్ళు పట్టుకున్నాడు. ట్యూబు పడవ అంచుకు అడ్డం పడి ఒకసారి పైకి ఎగిరాను. రెండోసారి తల నీళ్ళలోకి పోయింది. కళ్ళు తెరిచాను. చెవికి ఆనుకుని ఒక నిమ్మకాయ. దాని కింద ఏడు పచ్చిమిరపకాయలు. నూలు దారం చెవి ముఖం మీదుగా మూడు చుట్లు.

పైకి లాగాక, పడవ కదిలినప్పుడు ఆ దండ రేపే బుడగలే చేపలుగా కనబడుతున్నాయని చెప్పాను.

“వహినీ కట్టిందా?” అన్నాడు దత్తూ. సరోజనను అతను వహినీ అనేవాడు, అంటే వదిన.

“అసలు మిషను అదేనని నేనే చెప్పిన.”

గణేశ్ చేపలు కోసే కత్తి తీశాడు. దత్తూ చెయ్యి అడ్డం పెట్టాడు.

“పున్నమి నాడు ఆడకూతురు కట్టింది. కొయ్యొద్దు. ఇప్పు.”

“నీళ్ళల ముడి ఎట్ల ఇప్పుతరు బాబా?”

“మిస్త్రీ ఇప్పుతడు.”

కండె చుట్టేవాళ్ళ ముడి బిగుసుకుంటుందే తప్ప జారదు. తడిస్తే ఇంకా బిగుస్తుంది. కాని దానికొక గుట్టు ఉంది. ఒక కొసను వంపు లేకుండా నిటారుగా లాగితే, రెండో కొస దాని మీద నుంచి జారి వచ్చేస్తుంది. మా ఇళ్ళలో పిల్లలకు ఇది అక్షరాల కన్నా ముందు వస్తుంది. నేను నాలుగుసార్లు మునిగాను. గణేశ్ లెక్కపెట్టాడు. అయిదోసారి దండ చేతికొచ్చింది, నిమ్మకాయ, మిరపకాయలతో సహా. దత్తూ దాన్ని పడవ ముందు, నీళ్ళు తగలని చోట, కుంకుమ పక్కన కట్టాడు.

అప్పుడే తెర మీద చేప బొమ్మలు వచ్చే బటన్ కూడా ఆపేశాను. కొనేవాళ్ళు ఆ బొమ్మలే కావాలంటారు. మీరు ఆపేయండి. ఆ బొమ్మ మిషను ఊహ మాత్రమే. గీతలు చదవడం నేర్చుకోండి.

గుంట

ఇంజను లాగాడు. తెర మీద అడుగు గీత ఒక్కటే. పది, పదకొండు, పన్నెండు. చేప లేదు. గణేశ్ గడియారం చూసుకున్నాడు.

“పాత రాతిగట్టు పక్కకు గుంట ఉన్నది,” అన్నాడు దత్తూ. “ఆటుకు చేపలు అండ్ల దాసుకుంటయ్.”

“అది ఇసుకతోని నిండిపోయిందని వందసార్లు చెప్పిన బాబా. పదేండ్ల సంది అదే గుంట.”

దత్తూ తెర వైపు చూడలేదు. ఒడ్డున కార్ఖానా చిమ్నీని, దాని వెనక కరెంటు టవరును చూస్తూ పడవ నడిపాడు. రెండూ ఒకే గీతలోకి వచ్చేదాకా నిదానంగా పోయాడు. వచ్చాక, “ఇప్పుడు,” అన్నాడు.

తెర మీద గీత పన్నెండు నుంచి ఒక్కసారిగా ఇరవై రెండుకు జారింది. గుంట గోడల పొడవునా నల్లటి మరకలు, దగ్గర దగ్గరగా.

గణేశ్ తెరను చూశాడు. తండ్రిని చూశాడు. తండ్రి ఇంకా చిమ్నీనే చూస్తున్నాడు. గణేశ్ పడవను వెనక్కి తిప్పించి, మళ్ళీ అదే దారిలో తెమ్మన్నాడు. దత్తూ తెచ్చాడు. “ఇప్పుడు,” అన్నాడు. గీత జారింది.

గణేశ్ వల తీశాడు.

నాలుగుసార్లు వేశారు. చేపల పేర్లు నాకు రావు, వెండి రంగువి, జానెడువి. ఆటు అయిపోయింది, ఇక వెనక్కి రావాలి. బుట్ట చూశాం. నిండలేదు. ముప్పావు వచ్చింది. ఒప్పందం బుట్ట నిండాలని. దత్తూ దాన్ని కుదిపి పైకి పొంగించే ప్రయత్నం చేయలేదు. అది నేను గమనించాను.

గణేశ్ నా వైపు చెయ్యి చాపాడు. “మిస్త్రీ కాకా, ఆ ట్యూబు ఇటియ్యండి.”

విప్పి ఇచ్చాను. దాన్ని మడిచి, చేపల మీద కుక్కి, పైనుంచి అరచేత్తో తట్టాడు.

“నిండింది,” అన్నాడు. “పోదాం బాబా.”

ఆ దారంతా నేను ట్యూబు లేకుండా పడవ అంచు పట్టుకుని కూర్చున్నాను. కడుపులో తిప్పలేదు. దత్తూ ఒడ్డు దాకా ఈల వేస్తూనే ఉన్నాడు. యూనిఫాం చొక్కా ఆ తర్వాత ఇంజనుకు తొడుగయింది. కొలత సరిగ్గా సరిపోయింది.

శనివారాలు

ఇంటికెళ్ళగానే సరోజన అడిగింది.

“నిమ్మకాయ పని చేసిందా?”

“చేసింది,” అన్నాను.

అది అబద్ధం కూడా కాదు. కాని జరిగిన సంగతి ఆవిడకు చెప్పలేదు. తెలిస్తే బాధపడుతుందనుకున్నాను. ఆ తర్వాత ప్రతి శనివారం, హీరాబాయి నార్పోలికి చేపలమ్మడానికి వచ్చినప్పుడు, సరోజన కొత్త దండ కట్టి ఇచ్చేది. హీరాబాయి తీసుకెళ్ళేది. దత్తూ దాన్ని పడవ ముందు కట్టేవాడు. నా గుట్టు బయటపడకుండా కాపాడుతున్నందుకు వాళ్ళిద్దరి మీద నాకు గౌరవం. అట్లా పదిహేనేళ్ళు దాటాయి.

సరోజన పోయాక దత్తూ వచ్చాడు. మోకాళ్ళు బాగా అరిగాయి, గణేశ్ చెయ్యి పట్టుకుని మెట్లెక్కాడు. చాలాసేపు కూర్చున్నాడు. టీ తాగాడు. నాకు ఏదో ఒకటి చెప్పాలనిపించి, ఆ నిమ్మకాయ సంగతి ఆవిడకు చివరిదాకా చెప్పలేదు మామా, అన్నాను.

“వహినీకి ఎరుక,” అన్నాడు.

“ఎట్ల?”

“మొదటి శనివారమే మా హీరా చెప్పింది. నువ్వు తల కిందికి, కాళ్ళు పైకి ఏలాడినవని చేతులతోని చేసి చూపించింది. ఇద్దరు నవ్వి నవ్వి చేపల తట్ట మీద పడ్డరు.”

“మరి పదిహేనేండ్లు దండలెందుకు పంపింది?”

దత్తూ గ్లాసు కింద పెట్టాడు. “హీరా కూడ అదే అడిగింది. వహినీ అన్నదట, ‘ఆయన నాకు తెల్వదని సంబురపడుతుండు. పడనియ్యి.’”

పడవ ఇంకా ఉంది. ఇప్పుడు గణేశ్ నడుపుతున్నాడు, టెంపో లేని రోజుల్లో. చెవి రెండుసార్లు మారింది. నాడె అదే. శనివారం దండ ఇప్పుడు నేను కడుతున్నాను. ముడి ఒంటిచేత్తో రావడం లేదు, రెండు చేతులూ కావాల్సి వస్తోంది. హీరాబాయికి ఇచ్చేటప్పుడు పడవ ముందు కట్టమని, వెనక కట్టొద్దని ప్రతివారం చెబుతాను. ఆవిడ ప్రతివారం, మొదటిసారి విన్నట్టు తల ఊపుతుంది.